అత్త అంకె

మా అన్నయ్య ఇంట్లో నాతో గొడవ పెట్టుకోవాలనుకున్నప్పుడు ముందు మంచి కుర్చీ వేస్తారు. ఆ ఆదివారం పొద్దున చేతులున్న కుర్చీ వేసి, దాని మీద దిండు కూడా పెట్టారు. దిండు చూడగానే అర్థమైంది, ఇవాళ నన్ను తేలిగ్గా వదలరని.

బల్ల మీద ఒక రంగుల పుస్తకం ఉంది. అట్ట మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతి ఏదో మిషన్ని చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. నేను పంతొమ్మిదేళ్ళుగా ఆస్పత్రిలో మిషన్లు బాగుచేస్తున్నాను. ఒక్కటంటే ఒక్కటి నన్ను నవ్వించలేదు. అమ్మాయి కింద పెద్ద అక్షరాల్లో బయోమెడికల్ ఇంజనీరింగ్, నాలుగేళ్ళ డిగ్రీ అని ఉంది. లోపల ఒక పేజీ నిండా ఒకే అంకె, తమ దగ్గర చదివినవాళ్ళ సగటు జీతమట. ఎంతమందిని అడిగి ఆ సగటు కట్టారన్నది మాత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో పెట్టారు. కళ్ళజోడు తీసి, పుస్తకం ముక్కు దగ్గరికి తెచ్చుకుని చదివాను. నూట పద్దెనిమిది మంది చదువు పూర్తి చేస్తే జవాబిచ్చింది పదకొండు మంది.

"ఈ పదకొండు మందీ ఎవరో తెలుసా? జీతం చెప్పుకోడానికి సిగ్గుపడనివాళ్ళు," అన్నాను.

"అవన్నీ తర్వాత. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తుపెట్టాను," అన్నాడు అన్నయ్య.

అన్నయ్య టైల్స్ పరిచే మేస్త్రీ. ఇరవై మూడేళ్ళుగా మోకాళ్ళ మీద పాకి ఊళ్ళో సగం ఇళ్ళకి నేల వేశాడు. పని ఉన్న రోజు కూలి, లేని రోజు గోళ్ళు గిల్లుకోవడం. జీతం స్లిప్పు అన్నది చేత్తో ముట్టుకుని ఎరగడు. అందుకని కూతురి చదువు అప్పుకి అతని సంతకం ఒక్కటే చాలదని బ్యాంకు వాళ్ళు చెప్పారు. నెల జీతం వచ్చే మనిషి ఎవరైనా హామీ ఉండాలి. ఆ మనిషి చేతికొచ్చేది అరవై వేలు దాటాలి. మూడు నెలల జీతం స్లిప్పులు కాగితాలకి జత చెయ్యాలి.

"అరవై ఉంటే చాలన్నారు. మా చెల్లికి డెబ్భై అని చెప్పొచ్చాను," అన్నాడు. ఆ డెబ్భై తన జేబులోంచి తీసి లెక్కపెట్టినంత గర్వంగా అన్నాడు.

ఇక్కడే చెప్పేస్తాను. నాకు డెబ్భై రాదు. ముప్పై ఎనిమిది వేల ఆరు వందల నలభై వస్తుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల నా చేతికి పదకొండు వేలు వచ్చాయి. అమ్మ పక్కింటివాళ్ళ ముందూ, పిన్ని ముందూ, అన్నయ్య ముందూ ఎంతొచ్చిందే అని అడిగింది. ఇంటి కాగితం తాకట్టు పెట్టి చదివించిన పిల్ల అందరిముందూ పదకొండు అని ఏ మొహంతో చెబుతుంది? ఇరవై అన్నాను. తర్వాత జీతం పెరిగినప్పుడల్లా అబద్ధమూ దాని పక్కనే పెరిగింది. అమ్మ పోయింది, అబద్ధం పోలేదు. ఇప్పుడు ఆ స్లిప్పులు జత చేస్తే పంతొమ్మిదేళ్ళ నా పరువు బ్యాంకు గుమాస్తా బల్ల మీద ఆరబెట్టిన బట్టలా అందరికీ కనబడుతుంది.

అంచేత నేను ఆ అప్పుకి అడ్డంపడ్డాను. అడ్డంపడటానికి చెప్పిన ప్రతి మాటా నిజమే. అడ్డంపడిన కారణం మాత్రం చెప్పలేదు.

"ఇరవై రెండు లక్షలు," అన్నాను. "చదివినన్నాళ్ళూ వడ్డీ ఊరుకుంటుందా? బయటికొచ్చేసరికి ఇరవై ఆరవుతుంది. పదేళ్ళలో తీర్చాలంటే నెలకి ముప్పై ఆరు వేలు కట్టాలి. చేరిన రోజే ముప్పై ఆరు ఏ ఆస్పత్రివాడిస్తాడు? ఇరవై రెండు ఇస్తే గొప్ప. దూరపు కొండలు నునుపు అన్నయ్యా. నేను ఆ కొండ మీద కూర్చునే చెప్తున్నాను, ఎటు జరిగినా రాళ్ళే."

"ఆ రాళ్ళ మీద కూర్చునే నువ్వు డెబ్భై తెచ్చుకుంటున్నావుగా," అంది వదిన.

వదిన చెప్పుల షాపులో బిల్లులు కొడుతుంది. వారమంతా నిలబడిన కాళ్ళ మంట ఆదివారం నా మీద తీర్చుకుంటుంది.

"పంతొమ్మిదేళ్ళకి," అన్నాను.

"మా పిల్లకీ పంతొమ్మిదేళ్ళు పట్టనీ, ఆగుతాం. ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్లేదు. అసలు మొగుడు ఒప్పుకున్నాక ఈ సగం మొగుడి పర్మిషన్ కూడా కావాల్సొచ్చింది నా ఖర్మకి."

"సగం మొగుణ్ణి కాబట్టే సంతకానికి పిలిచారు. లేకపోతే కుర్చీ కూడా వేసేవాళ్ళు కాదు."

"సంతకం పెట్టనప్పుడు కుర్చీ ఎందుకు మరి? ఇటియ్యి."

నిజంగానే చెయ్యి చాపింది. నేను దిండు తీసి ఇచ్చాను, కుర్చీ ఇవ్వలేదు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. లేస్తుంటే రెండు మోకాళ్ళూ టకటకమన్నాయి. "నాన్నకున్నది ఒక్క ఇంటి కాగితం. ఆ ఏడాది నాకు పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది, నీకు డిగ్రీలో సీటొచ్చింది. ఆ కాగితం ఎవరి కోసం బ్యాంకుకి వెళ్ళింది?"

"నా కోసం."

"నేను నోరెత్తానా?"

"ఎత్తలేదు."

"ఇప్పుడు నా కూతురు అదే చదువు చదువుతానంటే వద్దంటున్నావు. దీన్నేమంటారో తెలుసా? ఏరు దాటి తెప్ప తగలెయ్యడం అంటారు."

నేను ఏరు దాటలేదు అన్నయ్యా, ఇంకా పీకల్లోతు నీళ్ళలోనే ఉన్నాను, అని నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే మింగేశాను. రంగుల పుస్తకం మూసి బోర్లా పెట్టాను.

"ఏమైనా అనుకో. సంతకం పెట్టను."

గుమ్మంలో నిలబడి అంతా వింటున్న మా మేనకోడలు అప్పుడు లోపలికొచ్చింది. ఈ పిల్లకి సూది అని పేరు పెట్టింది నేనే. మూడేళ్ళప్పుడు ఇంజక్షన్ చేస్తే అందరు పిల్లల్లా ఏడవకుండా, సూది ఎంత లోపలికి వెళ్ళిందని నర్సుని అడిగింది. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ బుద్ధి ఏమీ మారలేదు. రెండేళ్ళ క్రితం మా ఆస్పత్రిలోనే టెక్నీషియన్ డిప్లొమాకి సీటుంది, ఫీజు లేదు, పైగా నెలకింత చేతికిస్తారు, చేరవే అని బతిమాలాను. వద్దంది. డిగ్రీ సీటు కోసం ఒకే పరీక్ష రెండుసార్లు రాసి, ఇదిగో, సాధించుకుంది. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఎంత పొగరే అనుకున్నాను.

"అత్తా, మంగళవారం నీ పనికి నన్ను తీసుకెళ్ళు. రోజంతా చూస్తాను," అంది.

"చూసి?"

"నువ్వు చెప్పింది నిజమో కాదో తేల్చుకుంటాను."

"రా. వచ్చి నీ కళ్ళతో చూసుకో," అన్నాను. పనిలో పెట్టి అరగదీసి, సాయంత్రానికి ఆ రంగుల పుస్తకం తనంతట తనే చింపేసేలా చెయ్యాలని నా ఆలోచన.

మా వర్క్‌షాపు ఆస్పత్రి అడుగున, నేలకి కింద ఉంటుంది. ఒక పక్క దుప్పట్లు ఉతికే గది, ఇంకో పక్క ఆక్సిజన్ సిలిండర్ల గది. ఉతికే మిషన్ గిర్రున తిరుగుతున్నంతసేపూ మా బల్లలు వణుకుతూనే ఉంటాయి. అది ఆగితే గాని మేం ఏదీ సరిగ్గా కొలవలేం. కిటికీ లేదు. తడి దుప్పట్ల ఆవిరికి గోడ సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి మా టిఫిన్ డబ్బాల్లో పడుతుంది.

సూదికి మొదటి పనిగా మంచం చక్రాలు ఇచ్చాను. రోగుల మంచాలకి కింద ఉండే చక్రాల్లో వార్డు నేల మీద రాలిన వెంట్రుకలు, దారాలు, బ్యాండేజీ పోగులు చుట్టుకుని బిగుసుకుపోతాయి. వాటిని బ్లేడుతో కోసి తియ్యాలి.

"ఇది ఇంజనీరింగా?" అంది.

"ఇదే. నాలుగేళ్ళు చదివొచ్చి నేను మొదటి నెల చేసింది ఇదే. బ్లేడు నీ వైపు లాక్కోకు, వేలు తెగుతుంది. తెగినా ఇక్కడ చూసేవాళ్ళు లేరు, పైకెళ్ళి చీటీ రాయించుకుని లైన్లో కూర్చోవాలి."

మూతి ముడుచుకుని కూర్చుంటుందేమో అనుకుంటే, పదహారు చక్రాలు శుభ్రం చేసింది. ఒక్కోదాన్నీ వేలితో తిప్పి చూసి, సరిగ్గా తిరగనిదాన్ని మళ్ళీ విప్పింది. నాకు అది కూడా నచ్చలేదు.

పదకొండింటికి టై బాబు వచ్చాడు. వర్క్‌షాపులో అందరం పెట్టుకున్న పేరది. ఎండ మండిపోతున్నా మెడకి టై లేకుండా కనబడడు. కంపెనీ తరఫున ఆస్పత్రులకి మిషన్లు అమ్ముతాడు. నాతోపాటే చదివాడు, నాకన్నా తక్కువ మార్కులతో. అతనికి నెలకి డెబ్భై, పైన కమీషన్. మా ఇంట్లో నేను చెప్పుకునే అంకె గాల్లోంచి పుట్టలేదు. ఎప్పటికప్పుడు ఇతని జీతం తెలుసుకుని, దాన్నే నా జీతంగా ఇంటికి మోసుకెళ్ళేదాన్ని.

"కొత్తగా చేరిందా?" అన్నాడు, చక్రాల మధ్య కూర్చున్న సూదిని చూసి.

"నా మేనకోడలు. మన చదువే చదువుతుందట. ఇరవై రెండు లక్షలు అప్పు చేసి."

టై బాబు టై సర్దుకున్నాడు. "బాగుచేసే ఉద్యోగానికైతే ఆ అప్పు ఈ జన్మకి తీరదమ్మా. అమ్మే ఉద్యోగం పట్టుకో. నోరుండాలి. మీ అత్తకి ఉన్న నోరు తిట్టడానికే తప్ప అమ్మడానికి పనికిరాలేదు." నవ్వుకుంటూ పైకి వెళ్ళిపోయాడు. సూది ఒక నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఏం రాశావని నేను అడగలేదు.

పన్నెండింటికి ఉతికే మిషన్ ఆగింది. వార్డు నుంచి వచ్చిన సెలైన్ పంపు బల్ల మీద పెట్టాను. రోగి ఒంట్లోకి మందు గంటకింత అని లెక్క ప్రకారం పంపే మిషన్ అది. గంటకి వంద మిల్లీలీటర్లు అని నొక్కి, దాని గొట్టాన్ని గీతలున్న గాజు జాడీలోకి వదిలి, గడియారం పెట్టాను. అరగంట ఇద్దరం చుక్కలు చూస్తూ కూర్చున్నాం.

"ఎంత చూపిస్తోంది?" అన్నాను.

"యాభై."

"జాడీలో ఎంతుంది?"

వంగి, కంటిని గీతకి సమానంగా పెట్టి చూసింది. అలా చూడాలని నేను చెప్పలేదు. "నలభై నాలుగు. మిషన్ అబద్ధం చెప్తోందా?"

"మిషన్‌కి అబద్ధం రాదు. తన మోటారు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి ఆ అంకె వేస్తుంది. లోపల భాగం అరిగిపోయి అంత మందు వెళ్ళడం లేదని దానికి తెలీదు. చూపించేది వేరు, కారేది వేరు. నర్సు నమ్మేది చూపించేదాన్ని. రోగిని బతికించేది కారేది." ఎర్ర స్టిక్కర్ల కట్ట తీసి, ఒకదాని మీద తేదీ వేశాను. ఎర్ర స్టిక్కరంటే వాడరాదని అర్థం.

"నేనూ ఇదే పని చేశానత్తా," అంది సూది.

నోటు పుస్తకం నా ముందుకి తోసింది. మొదటి పేజీలో కాలేజీ చెప్పిన సగటు జీతం రాసి అడ్డంగా కొట్టేసి ఉంది. "ఆ పదకొండు మంది సంగతి నాకూ కనబడింది. పెద్ద అక్షరాలకన్నా చిన్న అక్షరాలే ముందు చదువుతాను. ఇంటర్నెట్‌లో ఉన్నవీ కొట్టేశాను, ఒక చోటుకీ ఇంకో చోటుకీ పొంతన లేదు. ఇందాక వచ్చిన అంకుల్ అమ్మకాల మనిషి, ఆయన్ని వేరే పేజీలో పెట్టాను. బాగుచేసే పనిలో నాకు బాగా తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు."

పేజీ తిప్పింది. పైన గుండ్రటి అక్షరాలతో 'అత్త అంకె' అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

చేరిన ఏడు ఇరవై. ఐదో ఏడు ముప్పై రెండు. నానమ్మ పోయిన ఏడు నలభై ఎనిమిది. అన్నయ్య వాళ్ళకి నేను వాషింగ్ మిషన్ కొనిచ్చిన ఏడు అరవై ఒకటి. ఇప్పుడు డెబ్భై. నేను అప్పుడప్పుడూ విసిరేసిన అబద్ధాలన్నీ ఈ పిల్ల ఒక్కటీ పోనివ్వకుండా ఏరి దాచిపెట్టుకుంది. ఆ వరసని ఇప్పటి ధరలకి మార్చి, పక్కన అప్పు వాయిదాలు వేసింది. మొదటి మూడేళ్ళు కష్టం, ఇంట్లోనే ఉండాలి అని రాసుకుంది. నాలుగో ఏటి నుంచి ఫరవాలేదు అని. పదో ఏట అప్పు సున్నా. పదకొండో ఏటి ఎదురుగా మూడే మాటలు ఉన్నాయి. నాన్న మోకాళ్ళకి ఆపరేషన్.

"నువ్వు ఆదివారం చెప్పినవన్నీ విన్నాను. ఇరవై రెండిస్తారన్నావు, వాయిదా ముప్పై ఆరన్నావు. కానీ నీ అంకె అలా చెప్పట్లేదుగా అత్తా. కాలేజీ వాళ్ళని నేను నమ్మలేదు. నిన్నే నమ్మాను," అంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. ఆ పుస్తకంలో కొట్టేయాల్సిన పేజీ ఒక్కటే మిగిలింది, అది నాది. కాలేజీవాడు కనీసం చీమ తలకాయంత అక్షరాల్లోనైనా నిజం రాశాడు. నేను ఆపాటి కూడా రాయలేదు. సిగ్గేసింది. సిగ్గుకన్నా ముందు ఈ పిల్ల మీద ఒళ్ళు మండింది, ఇంత జాగ్రత్తగా నమ్మమని ఎవరు చెప్పారని.

తేదీ వేసిన ఎర్ర స్టిక్కరు ఇంకా నా వేలికే అంటుకుని ఉంది. దాన్ని పంపుకి అతికించాను. అలాంటి పంపుని పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా చూసీచూడనట్టు వార్డుకి పంపలేదు నేను.

"సాయంత్రం ఇంటికొస్తాను. మీ నాన్నని ఉండమను," అన్నాను.

"సంతకం పెడతావా?"

"వస్తానన్నాను. ముందు ఆ చేతులు కడుక్కో."

ఆరింటికి వెళ్ళాను. చేతుల కుర్చీ వేసి ఉంది, దిండు తిరిగొచ్చింది, బల్ల మీద బ్యాంకు కాగితాలు, పక్కన కొత్త పెన్ను. వదిన నాకు మంచినీళ్ళు కూడా తెచ్చింది. నేను కూర్చోలేదు. సంచీలోంచి మూడు స్లిప్పులు తీసి కాగితాల మీద పెట్టాను.

"చదువు," అన్నాను అన్నయ్యతో.

అన్నయ్య మొదటిది చదివాడు. రెండోది చదివాడు. మూడోది తిప్పి వెనక వైపు కూడా చూశాడు, మిగతా జీతం అక్కడేమైనా ఉందేమోనని.

"ఇది సగం నెలదా?"

"నెలంతటిదీ."

"మరి డెబ్భై?"

"ఎప్పుడూ లేదు. ఇరవై అన్నప్పుడు పదకొండు. నలభై ఎనిమిదన్నప్పుడు ఇరవై ఏడు. అమ్మ అడిగింది, అందరిముందూ అడిగింది, చెప్పలేకపోయాను. తర్వాత దిగడానికి దారి దొరకలేదు."

వదినే ముందు తేరుకుంది. "మరి మాకు వాషింగ్ మిషన్ ఎలా కొనిచ్చావ్?"

"వాయిదాల మీద."

"ఇంకా ఎన్నున్నాయి?"

"ఏడు."

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత," అంది వదిన. తెచ్చిన మంచినీళ్ళ గ్లాసు తనే తీసుకుని గటగటా తాగేసింది. "మూడేళ్ళుగా ఆ మిషన్ తిప్పినప్పుడల్లా, మా ఆడపడుచు ఇచ్చిందని షాపులో అందరికీ చెప్పుకున్నాను. నిన్ను చూసి కుళ్ళుకున్నాను కూడా. ఆ కుళ్ళంతా దండగేగా ఇప్పుడు."

అన్నయ్య స్లిప్పులు బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి, టైల్స్ పరిచినట్టు సమంగా పేర్చాడు. అంచులు కలిశాయో లేదో బొటనవేలితో సరిచూశాడు. అతని గొంతు పెరగలేదు. పెరిగుంటే బాగుండేది.

"పని చేసొచ్చి రాత్రి మోకాళ్ళకి నూనె రాసుకునేటప్పుడు నేనేమనుకునేవాణ్ణో తెలుసా? పోనీలే, ఇద్దరిలో ఒకళ్ళమైనా ఒడ్డున పడ్డాం అని. పంతొమ్మిదేళ్ళు ఆ ఒక్క మాటతో నడిచాను. నువ్వు నాకిచ్చింది అదొక్కటే. అదీ నీ దగ్గర లేదన్నమాట."

"అన్నయ్యా, నేను..."

"నాలుగు రోజుల క్రితం తెప్ప తగలేశావన్నాను. తప్పు నాదే. అసలు నువ్వు ఏరే దాటలేదు."

రెండు రోజులే అయింది, నాలుగు కాదు. ఆ మాట దిద్దే ధైర్యం నాకు లేకపోయింది. అన్నయ్య బ్యాంకు కాగితం దగ్గరికి లాక్కుని, సంతకం కోసం తను పెట్టిన పెన్సిల్ గుర్తుని బొటనవేలితో రుద్దాడు. పోలేదు, నల్లగా అలుక్కుపోయింది. ముప్పై ఎనిమిది ఉన్న మనిషి సంతకం బ్యాంకువాడికి అక్కర్లేదు. ఆదివారం నేను కోరుకున్నది అదే, ఆ అప్పు ఆగిపోవడం. ఆగిపోయింది. గెలిచినట్టు మాత్రం లేదు.

సూది ఇంతసేపూ గోడ దగ్గర నిలబడి ఉంది. వచ్చి మూడు స్లిప్పుల్లోనూ అడుగున ఉన్న అంకె చూసుకుని, నోటు పుస్తకం తెరిచి, నా పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది. పెన్ను కాగితాన్ని చీల్చింది. పక్క పేజీలో మళ్ళీ మొదలుపెట్టింది. నన్ను ఒక్కో ఏడూ అడిగింది, నేను ఒక్కో ఏడూ చెప్పాను. పోలీసు ముందు నిలబడ్డట్టే నిలబడి చెప్పాను.

"అప్పు తీర్చాల్సింది పదేళ్ళలో. జీతం ఆ వాయిదాని అందుకునేది పద్దెనిమిదో ఏట," అంది చివరికి.

"అదే నేను ఆదివారం..."

"ఆదివారం నువ్వు చెప్పింది నిజమే. పంతొమ్మిదేళ్ళుగా చెప్పింది అబద్ధం. నేను ఎక్కువసార్లు విన్నదాన్ని నమ్మాను." పెన్ను మూత పెట్టి నా వైపు చూసింది. ఏడుపు కాదు, కోపం. "రెండేళ్ళ క్రితం డిప్లొమా సీటు ఎందుకు వద్దన్నానో తెలుసా అత్తా?"

"పొగరనుకున్నాను."

"డిప్లొమా వాళ్ళకి ఇరవై వేలు వస్తాయని నువ్వే చెప్పావు. అదే రోజు, అదే నోటితో, నీకు అరవై ఆరన్నావు. మధ్యలో తేడా నలభై ఆరు వేలు, అదంతా డిగ్రీ వల్లే అనుకున్నాను. ఆ తేడా కోసం రెండేళ్ళు కూర్చున్నాను. చేరుంటే ఈపాటికి చదువు అయిపోయేది. నాన్నకి ఆపరేషన్ కాకపోయినా, ఆ మోకాళ్ళతో కిందకి వంగే పనైనా మాన్పించేదాన్ని."

వదిన మొహం తిప్పుకుంది. టై బాబు అన్నట్టు నాకు తిట్టడానికే నోరుంది. ఇక్కడ తిట్టాల్సింది నన్నే.

"ఈ ఏడాదీ సీట్లున్నాయి," అన్నాను. "నెలాఖరు దాకా అప్లికేషన్లు తీసుకుంటారు. నేను రేపే..."

"నువ్వేం చెయ్యొద్దు. అడిగినదానికి చెప్పు చాలు. ఆ డిప్లొమా చేసి చేరినవాళ్ళకి ఇప్పుడు మొదటి నెల ఎంతొస్తుంది? చూపించేది కాదు, కారేది."

"మా వర్క్‌షాపులో కిందటి నెల ఒకమ్మాయి చేరింది. కోతలన్నీ పోగా ఇరవై ఒక్క వేల నాలుగు వందల ముప్పై." అంత పొల్లుపోకుండా ఒక జీతం ఆ ఇంట్లో నేను చెప్పడం అదే మొదలు.

సూది రాసుకుంది. రాసి, ఆ అంకెని కాసేపు చూసింది.

"ఆ అమ్మాయి స్లిప్పు నువ్వు చూశావా?"

"లేదు. తనే చెప్పింది."

"అయితే స్లిప్పు తీసుకురా," అని పుస్తకం మూసేసింది.